సినిమాది తప్పా, టీవీది తప్పా? పదకొండింటికి నా మార్కులు

రెండోఆట అడుగుతున్నారు:

ఈ మధ్య చూసినవాటికి పదికి మార్కులేసి కింద రాస్తున్నాను. నచ్చినవాటితో పేచీ లేదు. ఎక్కనివాటి దగ్గరే చిక్కు. వీటిలో సగం అందరూ నెత్తిన పెట్టుకునేవి. లోపం సినిమాలో ఉందా, నేను చూసిన పద్ధతిలో ఉందా అన్నది మీరే తేల్చాలి.

సరంజామా చెప్పేస్తాను. 55 అంగుళాల 4కే టీవీ, సౌండ్‌బార్ లేదు, టీవీ స్పీకర్లే. పిక్చర్ మోడ్ పెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే ‘వివిడ్’లో ఉంది. కూర్చునేది తొమ్మిదడుగుల దూరంలో. ట్యూబ్‌లైటు టీవీకి ఎదురుగోడ మీద. పక్కన పది, పదమూడేళ్ళ పిల్లలు ఇద్దరు. వాళ్ళకి తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు.

మాయాబజార్ (1957), రంగుల్లో: 6. కిరాణా కొట్టు క్యాలెండర్‌లా ఉంది. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల వెన్నెల అంటారు, నాకైతే నీలం రంగు తప్ప ఏమీ కనపడలేదు. పిల్లలు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుతూ ఒక్కచోటా నవ్వలేదు.

అల్లూరి సీతారామరాజు (1974): 5. కృష్ణ బాగున్నారు, పాటలు బాగున్నాయి. కానీ ఇద్దరు మాట్లాడుకుంటుంటే తెర అంచుల్లో రెండు ముక్కులే మిగులుతాయి. కెమెరా పని మరీ ఇంత నాసిరకమా?

శంకరాభరణం (1980), పాత డిస్కులో: 7. బాలు గొంతు పల్చగా, ఏదో తొందరలో పాడినట్టుంది.

దాసి (1988): 4. ఎవరూ మాట్లాడరు, ఏమీ జరగదు.

శివ (1989): 8. కాకపోతే టీవీ సీరియల్ చూస్తున్నట్టే ఉంది, పరుగులన్నీ నూనె రాసినట్టు జారిపోతున్నాయి.

అమృతం (2001–2007), టీవీ హాస్య సీరియల్: మొదటి నుంచి పెట్టాను. నాకు 8, పిల్లలకి 3. రెండు ఎపిసోడ్లకే లేచిపోయారు.

కేరాఫ్ కంచరపాలెం (2018): 7. చివరి మలుపు దొంగదెబ్బ అనిపించింది.

కుడి ఎడమైతే (2021): 7. ఫిర్యాదు లేదు.

బలగం (2023): 6. మాటలు వినపడక సౌండు పెంచితే, వెంటనే పాటొచ్చి చెవులు చిల్లులు పడుతున్నాయి. రిమోట్ చేతిలోంచి దించలేదు.

దూత (2023): 5. సగం సిరీస్ నల్లటి తెర, మిగతా సగం వాన.

90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ (2024): 8. ఆరు ఎపిసోడ్లూ ఒక్క బిగిని.

రీలుడబ్బా జవాబు:

శివ, అల్లూరి: ఈ రెండూ పూర్తిగా మీ టీవీ మీద, మీరు చూసిన కాపీ మీద పెట్టాల్సిన కేసులు. దూతలో సగం.

శివతో మొదలెడతాను. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ ప్యానెల్ సెకనుకి 60 సార్లు, లేదా 120 సార్లు తెర మారుస్తుంది. ఖాళీగా ఉన్న చోట్ల టీవీ తనే కొత్త బొమ్మలు పుట్టించి కూరుతుంది. దాన్నే మోషన్ స్మూతింగ్ అంటారు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పేరులో ఎక్కడో ‘మోషన్’ అనో ‘ఫ్లో’ అనో ఉంటుంది. క్రికెట్‌కి బాగుంటుంది. సినిమాకి విషం. శివ కెమెరా మనుషుల వెంట నడుస్తుంది, పరిగెడుతుంది. తెలుగులో స్టెడీక్యామ్‌ని (నడుస్తూ తీసినా బొమ్మ కుదపని కెమెరా సాధనం) అంత ధైర్యంగా వాడిన తొలి సినిమా అది. ఆ కదలికకుండే బరువంతా టీవీ పుట్టించిన ఫ్రేముల్లో కరిగిపోయి, మీరన్న నూనె జారుడు వస్తుంది. సైకిల్ చైను లాగే ఘట్టం మళ్ళీ చూడండి, ఆపక ముందూ ఆపిన తర్వాతా.

ఆపడం ఎలాగంటే: సినిమా ఆడుతుండగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పిక్చర్ మోడ్‌ని ‘ఫిల్మ్‌మేకర్’కి మార్చండి. అది లేకపోతే ‘సినిమా’ లేదా ‘మూవీ’. తర్వాత లోపలి మెనూలో మోషన్ పేరున్నది పూర్తిగా ఆఫ్. షార్ప్‌నెస్ సున్నా లేదా పది లోపు. పవర్ సేవింగ్, గది వెలుతురుని బట్టి మారే సెన్సరు, డైనమిక్ కాంట్రాస్ట్, మూడూ ఆఫ్. మొదటి అరగంట తెర పసుపుగా, డల్లుగా అనిపిస్తుంది. వివిడ్‌లో ఉన్న అదనపు నీలానికి కన్ను అలవాటు పడింది మరి. ఆ అరగంట ఓపిక పట్టండి. ఇంకో మాట, చాలా టీవీల్లో ఈ సెట్టింగులు ఏ ఇన్‌పుట్‌కి ఆ ఇన్‌పుటే. టీవీలోని యాప్‌కి మార్చినంత మాత్రాన హెచ్‌డీఎంఐలో పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్కుకి మారవు. ‘మార్చాను కానీ తేడా లేదు’ అనేవాళ్ళలో చాలామంది ఇక్కడే తప్పుతారు.

అల్లూరి సీతారామరాజు తెలుగులో మొదటి సినిమాస్కోప్. వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. మీరు చూసింది పాత టీవీల కోసం 4:3లోకి నరికిన కాపీ అయ్యుంటుంది. ఆ నరుకుడులో వెడల్పులో నూటికి 43 వంతులు పోతాయి. ఇద్దరు మనుషుల్ని చెరో అంచున నిలబెట్టి మధ్యలో మన్యం కొండని చూపించిన షాట్‌లో మీకు మిగిలేది కొండ, రెండు ముక్కులు. కెమెరామన్ వి.ఎస్.ఆర్. స్వామి గారి మీద నేరం మోపకండి. కాపీ సరైనదో కాదో కొలిచి చూసుకోవచ్చు: 55 అంగుళాల టీవీలో స్కోప్ సినిమాకి పైనా కిందా ఒక్కోటి ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు నల్లపట్టీ ఉండాలి. తెర నిండా బొమ్మ ఉందంటే పక్కలు కోసేశారన్నమాట. పట్టీలు పక్కన ఉంటే ఇంకా దారుణం.

మాయాబజార్‌కి లెక్క తిరగబడుతుంది. ఆ కాలం బొమ్మ ఎత్తుకి 1.37 రెట్లే వెడల్పు. మీ టీవీలో కుడిఎడమల ఒక్కోటి 14 సెంటీమీటర్ల నలుపు ఉంటేనే సరైన కాపీ. ఆ నలుపు నచ్చక ‘జూమ్’ నొక్కితే పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు పోతుంది: కిరీటాలు, పాదాలు. ‘స్ట్రెచ్’ నొక్కితే అందరూ ఎస్వీ రంగారావు అంత వెడల్పయిపోతారు, ఇక ఆయన గొప్పేముంది?

దూత సంగతి. చీకట్లో తీసిన సిరీస్‌ని ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడుతున్న తెర మీద చూస్తే ఎవరికైనా నల్లగానే ఉంటుంది. ఆ లైటు ఆపి, టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న దీపం పెట్టండి. యాప్‌లో వీడియో క్వాలిటీ ‘డేటా సేవర్’లో ఉంటే తీసేయండి, తక్కువ డేటాలో ముందు దెబ్బతినేది నలుపే, మెట్లుమెట్లుగా విరుగుతుంది. స్టిక్కు వాడుతుంటే టీవీలో ‘బ్లాక్ లెవెల్’ ఆటోలో ఉందో లేదో చూడండి. స్టిక్కు ఒక పరిధిలో పంపి టీవీ ఇంకో పరిధిలో చదివితే, చీకటి బూడిద రంగులోకైనా తేలుతుంది, మసిబొగ్గైనా అవుతుంది.

శ్రుతిపెట్టె జవాబు:

నేను చెవుల వైపు నుంచి వస్తాను. మన సినిమాని సగం చెవులతోనే చూస్తాం కదా.

శంకరాభరణం డిస్కు మీద ‘పాల్’ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే జబ్బు దొరికినట్టే. పాల్ అనే పాత టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు. 24తో తీసిన సినిమాని చాలాసార్లు అలాగే 25కి పరిగెత్తిస్తారు. వేగం నూటికి నాలుగు పెరుగుతుంది. ఆరు నిమిషాల పాట 5 నిమిషాల 46 సెకన్లకి అయిపోతుంది. శ్రుతి కూడా దాదాపు ముప్పావు స్వరస్థానం పైకెక్కుతుంది. ఇది పాడేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, మిగతావాళ్ళకి ‘ఏదో తొందర, గొంతు పల్చన’ అనిపిస్తుంది. మీరు రాసింది అచ్చం అదే. సోమయాజులు గారి మాట కూడా కాస్త కుర్రగొంతు అయిపోతుంది. ఆ ముఖానికి, ఆ గంభీరానికి అది పెద్ద నష్టం.

నిర్ధారించుకోవడానికి సులువు: అదే సినిమా వేరే చోట ఎంత నిడివో చూడండి. డిస్కులో నూటికి నాలుగు నిమిషాల చొప్పున తగ్గితే వేగం పెరిగినట్టు. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే సీన్లు కోసేశారని. సరిచేయాలంటే కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టండి. అయితే వీఎల్‌సీ మామూలుగా వేగం మార్చినా శ్రుతి మారకుండా కాపాడుతుంది, మనకి మారాలి. ఆడియో ప్రిఫరెన్సుల్లో ‘టైమ్ స్ట్రెచింగ్’ టిక్కు తీసేస్తే శ్రుతి కూడా కిందకి దిగి అసలు స్థాయికి వస్తుంది.

అప్పుడు మళ్ళీ వినండి. సామ రాగంలో మానస సంచరరే, ఖమాస్‌లో బ్రోచేవారెవరురా, మధ్యమావతిలో శంకరా నాదశరీరాపరా, ఇవి పక్కపక్కనే పెట్టి వింటే సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ ఎక్కడ పాత కీర్తనని ముట్టుకోకుండా వదిలేశారో, ఎక్కడ సినిమా కోసం కొత్తగా కట్టారో తెలుస్తుంది. ఆ ఏడాది జాతీయ పురస్కారాలు మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరాంకీ ముగ్గురికీ వచ్చాయి. ఒక్క అభ్యంతరం నాకూ ఉంది: మంజుభార్గవి పాత్రకి మాటలు మరీ పొదుపు. చూపులతో నెట్టుకొచ్చారు గానీ, తులసి ఏమనుకుంటోందో ఇంకో రెండు చోట్ల వినాలనిపిస్తుంది.

బలగం. ఇది సినిమా తప్పు కాదు, ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 శబ్దాన్ని రెండు స్పీకర్లలో కుక్కడం వల్ల వచ్చిన తంటా. 5.1లో మాటలన్నీ మధ్య చానెల్లో ఉంటాయి. మధ్య స్పీకర్ లేని టీవీ ఆ చానెల్‌ని 3 డెసిబెళ్ళు తగ్గించి కుడిఎడమల్లో కలుపుతుంది. పాటలు, డప్పులు అప్పటికే కుడిఎడమల్లో నిండుగా ఉన్నాయి. పైగా గోడకి బిగించిన టీవీ స్పీకర్లు కిందకి చూస్తుంటాయి, మీ వైపు కాదు. మాటలో హల్లులు తేలేది ఒకటి నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య. ముందు పోయేదీ అదే.

చేయాల్సింది వరసగా. యాప్ ఆడియో మెనూలో 5.1 కాక మామూలు స్టీరియో తెలుగు ఉంటే అది ఎంచుకోండి. టీవీ సౌండ్ మెనూలో ‘వర్చువల్ సరౌండ్’ ఆఫ్. ‘నైట్ మోడ్’ లేదా ‘ఆటో వాల్యూమ్’ ఆన్, ఇది పెద్ద శబ్దాన్ని అణచి చిన్నదాన్ని లేపుతుంది. ఈక్వలైజర్ ఉంటే ఒకటి, మూడు కిలోహెర్ట్జ్ దగ్గర రెండేసి పెంచి, వంద హెర్ట్జ్ దగ్గర రెండు తగ్గించండి. సౌండ్‌బార్ కొనే ఉద్దేశం ఉంటే 2.1 వద్దు, మధ్య స్పీకర్ ఉన్న 3.1 చూడండి, దాంట్లో సెంటర్‌ని విడిగా పెంచుకోవచ్చు.

మాయాబజార్, మిస్సమ్మ లాంటి మోనో (ఒకే చానెల్ శబ్దం) సినిమాలకి మాత్రం ఈ కిటుకులేవీ వద్దు. ఆ కాలం ఆప్టికల్ ట్రాక్‌లో (ఫిల్ము అంచున ముద్రించిన శబ్దం) పై స్వరాలు పెద్దగా ఉండవు. ట్రెబుల్ పెంచితే సావిత్రి గొంతు పెరగదు, బుస పెరుగుతుంది. సరౌండ్ ఆన్‌లో ఉంటే ఘంటసాల నూతిలోంచి పాడినట్టుంటారు.

నేలటికెట్టు జవాబు:

పై ఇద్దరూ చెప్పింది నిజమే గానీ అన్నీ టీవీ నెత్తిన రుద్దేస్తే దర్శకులు హాయిగా తప్పించుకుంటారు. మోషన్ స్మూతింగ్ ఆపినంత మాత్రాన దూత చివరి రెండు ఎపిసోడ్లు బాగుపడవు. పేపరు ముక్కలో రాసింది రాసినట్టు జరుగుతుందన్న ఊహ గొప్పది. మొదటి నాలుగు ఎపిసోడ్లలో ఎవరు, ఎలా అని ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తర్వాత ఆ ‘ఎందుకు’ని విప్పడానికి ఫ్లాష్‌బ్యాక్ మీద ఫ్లాష్‌బ్యాక్. దెయ్యానికి కారణం ఎంత వివరంగా చెబితే దెయ్యం అంత చిన్నదైపోతుంది. వానకి మాత్రం నేను అడ్డు చెప్పను, ఆ కథకి ఊపిరాడని వాతావరణం కావాలి. మీ 5కి నేను ఆరున్నర వేస్తాను, అంతకన్నా కాదు.

కుడి ఎడమైతేకి 7 సరిగ్గా పడింది. ఒకే రోజు మళ్ళీ మళ్ళీ తిరిగి రావడమన్న చిక్కుముడిని ఎనిమిది ఎపిసోడ్లు లాగడం కష్టం. ప్రతి చుట్టులో ఒక్క కొత్త విషయమైనా తెలిసేలా దర్శకుడు పవన్ కుమార్ జాగ్రత్తపడ్డాడు. మధ్యలో ఒక ఎపిసోడ్ తగ్గినా నష్టం లేదు.

90స్‌కి మీరు 8 వేశారు, నేను 7. శివాజీ నటన, మార్కుల కాగితాల భయం, ఉప్మా గొడవ, ఇవన్నీ కొలిచి కోసినట్టున్నాయి. కానీ కళ్ళు చెమ్మగిల్లే చోటల్లా వెనకనుంచి సంగీతం వచ్చి భుజం తడుతుంది. ఆ తట్టుడు లేకుండానే ఏడుపొస్తుంది కదయ్యా.

దాసికి 4 అన్యాయం. ‘ఏమీ జరగదు’ అన్నారు. దొర గడీలో పెళ్ళికూతురితో పాటు వస్తువులా పంపించిన ఆడమనిషి కథ అది. ఆమె జీవితంలో ఆమె జరిపించగలిగేది ఏమీ లేదు. అదే కదా విషయం. దర్శకుడు బి. నర్సింగరావు కథని మాటల్లో కాదు, పనిలో చెప్పారు. ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఏ తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరి పిలుపుకి దాసి కమలాక్షి ఎంత దూరం నుంచి పరిగెత్తాలి, ఇవి లెక్కపెడుతూ చూడండి. కళాదర్శకత్వం తోట వైకుంఠం, కెమెరా ఎ.కె. బీర్, ఇద్దరికీ, కమలాక్షి వేసిన అర్చనకీ జాతీయ పురస్కారాలు ఊరికే రాలేదు. ఆ గోడల రంగు, చీరల రంగు వివిడ్ మోడ్‌లో చూస్తే మాత్రం పండగ బట్టల కొట్టులా ఉంటుంది, ఆ ఒక్కచోట రీలుడబ్బా గారితో ఏకీభవిస్తాను. పిల్లలతో చూసే సినిమా కాదు. పగలు, ఒక్కరే, ఫోను పక్కగదిలో పెట్టి.

కంచరపాలెం చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. దొంగదెబ్బ అన్నారు. నాలుగు ప్రేమకథల్లో ఉన్నది ఒక్కడే అని ఆఖర్న తెలుస్తుంది. మోసం ఎప్పుడవుతుంది? ముందు అబద్ధం చూపిస్తే. దర్శకుడు వెంకటేశ్ మహా అబద్ధం చూపించలేదు, కాలం గుర్తులు దాచాడు. బడి పిల్లాడి కథా, ‘గడ్డం’ అని పిలిచేవాడి కథా ఒకే ఏడాదిలో జరుగుతున్నట్టు మనమే అనుకున్నాం. రెండోసారి చూసేటప్పుడు ఒక్కో కథలో వీధిలో ఏ బండ్లున్నాయి, చేతిలో ఏ ఫోనుంది, ఏది లేదు అన్నది చూడండి. కొన్నిచోట్ల ఆ దాపరికం అతుకు కనిపిస్తుంది, ముప్పై ఏళ్ళ కింద ఆ వీధి అలా ఉండే వీల్లేదు. అది లోపమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఊరివాళ్ళనే పెట్టి, అక్కడికక్కడే మాట రికార్డు చేసి తీసిన సినిమాలో ఉత్తరాంధ్ర యాస ఎంత సహజంగా వినపడుతుందో దానికే ఇంకో మార్కు.

బలగంలో మాటలు తెలియకపోవడానికి సౌండు ఒక్కటే కారణం కాకపోవచ్చు. తెలంగాణ పల్లె మాట చెవికి అలవాటు లేనివాళ్ళు మొదటి ఇరవై నిమిషాలు తడబడతారు. కథ నడిచేదే చావు తర్వాతి దినాల లెక్కన: మూడోనాడు, అయిదోనాడు, పదకొండోనాడు. పెట్టిన ముద్దని పిట్ట ముడుతుందా ముట్టదా అన్నదే ఉత్కంఠ. ఇది ముందే తెలిస్తే ఒక్క మాట పోయినా కథ పోదు. పిల్లలకి కూడా ఈ రెండు వాక్యాలు చెప్పి కూర్చోబెట్టండి. ఆఖర్న బుడగజంగాల కొమురమ్మ, మొగిలయ్య దంపతుల పాట వచ్చేటప్పుడు మాత్రం నైట్ మోడ్ తీసేయండి. ఆ గొంతులు అణచడానికి కాదు.

వీరతాడు జవాబు:

మాయాబజార్ గురించి ఎవరూ పూర్తిగా తేల్చలేదు కాబట్టి నేను.

2010లో వచ్చిన రంగుల కూర్పు 165 నిమిషాలు. అసలు సినిమా 184. అంటే మీరు పంతొమ్మిది నిమిషాలు చూడనేలేదు. పోయినవాటిలో పద్యాలే ఎక్కువ. రంగులు వేసినవాళ్ళ కష్టం తక్కువేం కాదు, పిల్లల్ని తెర ముందుకి లాగిన పుణ్యమూ వాళ్ళదే. కానీ బార్ట్లే పనంతా తెలుపుకీ నలుపుకీ మధ్య ఉన్న బూడిద మెట్లలో ఉంది. లాహిరి లాహిరిలో పడవ పాట చూడండి. ముందు అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. ఆ తర్వాత బలరాముడు, రేవతి. నలుపు తెలుపులో నీటి మీద తళుకు ఒక మెట్టు, మనిషి చెంప మీద వెలుగు ఇంకో మెట్టు, వెనక చెట్లు ఇంకో మెట్టు. రంగుల్లో వీటన్నిటి మీదా ఒకే నీలం పూత పడింది. వెన్నెల పోలేదు, దాని మీద పెయింటు వేశారు.

పిల్లలు నవ్వకపోవడానికి కారణం సబ్‌టైటిల్స్. మాటల రచయిత పింగళి నాగేంద్రరావు హాస్యం అర్థంలో లేదు, పలుకులో ఉంది. రాక్షసుల నోట ‘దుష్టచతుష్టయం’ తిరగక ‘దుషట చతుషటయం’ అవుతుంది. ‘అసమదీయులు’కి జోడీగా ‘తసమదీయులు’ పుడుతుంది. దీన్ని ఇంగ్లీషులో రాస్తే ‘మనవాళ్ళు, పరాయివాళ్ళు’ అన్న పొడి అర్థం మిగులుతుంది; నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? పైగా కింద అక్షరాలుంటే కన్ను అటే పోతుంది. గొంతు ఒకటి, ముఖం ఒకటి అన్న తమాషా అంతా తప్పిపోతుంది. ఘటోత్కచుడు శశిరేఖ (సావిత్రి) రూపం ఎత్తాక అహ నా పెళ్ళియంట పాటలో సుశీల గొంతు మధ్యలోంచి ఘంటసాల గొంతు ఉరుముతుంది. అప్పుడు ఆవిడ భుజాలు, చెయ్యి తిప్పడం, నడక చూడాలి. అచ్చం రంగారావే.

అందుకని పద్ధతి ఇది. నలుపు తెలుపు, 184 నిమిషాల కాపీ. సబ్‌టైటిల్స్ ఆఫ్. రెండు రాత్రులు చేయండి, పిల్లలు మూడు గంటలు కూర్చోలేరు. మొదటి రాత్రి సుభద్ర కోపంతో అభిమన్యుణ్ణి తీసుకుని ద్వారక వదిలి అడవిదారి పట్టిన చోట ఆపండి. రెండో రాత్రి ఘటోత్కచుడి రాకతోనే మొదలవుతుంది, ఇక ఎవరూ లేవరు. మొదలెట్టే ముందు నాలుగు మాటలు చెప్పి ఉంచండి: వీరతాడు అంటే మెచ్చి వేసే దండ, గింబళి అంటే తివాచీ, తల్పం అంటే మంచం, ప్రియదర్శిని అంటే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకి కనిపించే పెట్టె. పద్యం వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేయకండి. అర్థం తెలియకపోయినా ఆ రాగాలాపన ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టడం పిల్లలకి ఆటలా ఉంటుంది.

ఇంకో ఆట కూడా ఉంది. సినిమా అయ్యాక పాండవులు ఎన్ని సీన్లలో ఉన్నారో అడగండి. ఒక్కదాంట్లోనూ లేరు. పెద్దవాళ్ళలో కూడా చాలామందికి ఇది తట్టదు.

అమృతం విషయంలో తప్పు వరసది. 313 ఎపిసోడ్లు, చాలావరకు దేనికది విడి కథ. మొదటి నుంచి చూడాల్సిన అవసరం లేదు. అమృతరావు మాత్రం ముగ్గురు నటుల్లో కనిపిస్తాడు: శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్. ఇది ముందే చెప్పకపోతే పిల్లలు ‘ఈయనెవరు’ అని ఆగిపోతారు. గుండు హనుమంతరావు ఆంజనేయులు మాత్రం మారడు, ఆయన్నే గుర్తుగా పట్టుకోమనండి. ఇంటి ఓనరు అప్పాజీ అద్దె కోసం వచ్చే కథలు, సర్వరు ‘సర్వం’ హోటల్లో తికమక చేసే కథలు పిల్లలకి ముందు పనికొస్తాయి. రోజుకి ఒకటి, భోజనం దగ్గర. రెండో ఎపిసోడ్‌కి అదే తరహా మాటల తిప్పుడు మళ్ళీ వచ్చి నవ్వు సగమవుతుంది. 576 గీతల పాత టీవీ బొమ్మ అది. 55 అంగుళాల మీద మొహాలు మైనం ముద్దల్లా ఉంటాయి. ట్యాబ్‌లో చూస్తేనే బాగుంటుంది.

రెండోఆట:

ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టి, మోషన్ ఆఫ్ చేసి శివ మొదటి ముప్పావుగంట చూశాను. 9. దూత రెండో ఎపిసోడ్ లైటు ఆపి చూస్తే గదుల్లో గోడలున్నాయని తెలిసింది, ఇంకా 6 దగ్గరే ఉంది. బలగం స్టీరియోలో పెట్టాను, వాల్యూమ్ 18 దగ్గర ఉంచి రిమోట్ ముట్టుకోలేదు. దాసి ఈ ఆదివారం పగలు. కంచరపాలెం 7 దగ్గరే ఉంచుతున్నాను నేలటికెట్టు గారూ, మీరు చెప్పిన ఆ వీధి అతుకే నాకూ గుచ్చుకుంది.

శంకరాభరణం డిస్కు మీద పాల్ అనే ఉంది. వీఎల్‌సీలో 0.96 పెట్టి, టైమ్ స్ట్రెచింగ్ టిక్కు కూడా తీశాను. వేగం తగ్గింది, శ్రుతి మాత్రం దిగినట్టు లేదు. ఎక్కడ తప్పు?

శ్రుతిపెట్టె:

సినిమా ఆడుతుండగా టిక్కు తీసి ఉంటారు. ఆ మార్పు అప్పటికే నడుస్తున్న ఫైలుకి పట్టదు. సేవ్ నొక్కి, ప్లేయర్ పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి, ఆ తర్వాతే 0.96 పెట్టండి. వేగం ఏ పూటకి ఆ పూట పెట్టుకోవాల్సిందే, టిక్కు మాత్రం ఒకసారి తీస్తే చాలు. దిగిందో లేదో చూడాలంటే ఫోనులో శ్రుతిపెట్టె యాప్ ఒకటి వేసుకుని, పాట మొదట్లో తంబురా వినపడే చోట షడ్జమం పట్టుకోండి. 1.00లో ఒకసారి, 0.96లో ఒకసారి. తేడా అర స్వరస్థానం కంటే ఎక్కువే తెలియాలి. తెలియలేదంటే టిక్కు ఇంకా ఉన్నట్టే.